కవలలకు మాటలొచ్చే వేళ

చెల్లీ, కవలలకు రెండేళ్లు నిండాయి. పక్కింటి పాప గలగలా మాట్లాడేస్తోంది, మనవాళ్లేమో ఇంకా వేలు చూపించి సరిపెడుతున్నారు. డాలస్‌లో ఉన్నా విజయవాడలో ఉన్నా ఏ తల్లి మనసూ కుదురుగా ఉండదు. దానికితోడు ఎవరో ఒకరు, "ఇంట్లో తెలుగు ఆపేయండి, ఇంగ్లీషొక్కటే మాట్లాడండి" అని సలహా ఇస్తారు. ఆ మాట మాత్రం వినకు తల్లీ. రెండు భాషలు వింటే మాట ఆలస్యమవదు.

కవలలు కాస్త వెనకుండటానికి కారణాలు వేరు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడం ఒకటి. ఇంకోటి మన చేతుల్లో ఉన్నది. బ్రిటన్‌లో మైఖేల్ రట్టర్ పరిశోధక బృందం 2003లో ప్రచురించిన అధ్యయనంలో, మూడేళ్ల వయసుకు కవలలు మాటల్లో ఒక్కరుగా పుట్టిన పిల్లలకన్నా సగటున మూడు నెలలు వెనకున్నారు. కాన్పు ఇబ్బందులకన్నా ఇంట్లో పిల్లలతో మాట్లాడే తీరే దానికి కారణమని వాళ్లు తేల్చారు. నిజమే కదా! ఇద్దరికీ స్నానాలు చేయించి, అన్నం పెట్టి, నిద్రపుచ్చేసరికి "రండి, తినండి, పడుకోండి" తప్ప అమ్మ నోట ఇంకో మాట రాదు. అసలే మాటలు కరువైన ఇంట్లో నీకు బాగా వచ్చిన భాషను కూడా ఆపేస్తే ఆ పిల్లలకు మిగిలేదేముంది?

అందుకే రోజూ కాసేపు ఒక్కొక్కరిని విడిగా దగ్గర కూర్చోబెట్టుకో. ఒకడు నీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తుంటే, రెండోవాణ్ణి మీ ఆయన బయట తిప్పుకురావచ్చు. పేరు పెట్టి పిలువు, కళ్లలోకి చూస్తూ అడుగు, జవాబు కోసం ఆగు. ఒకడి బదులు ఇంకొకడు చెప్పేస్తుంటే, "నువ్వు చెప్పు నాన్నా" అని మొదటివాడి వైపే తిరుగు. వాళ్లిద్దరే ఏదో సొంత భాషలో మాట్లాడుకుంటున్నా కంగారు పడకు. చాలావరకు అవి ఒకరినుంచి ఒకరు పట్టుకున్న పలకరాని పలుకులే. పెద్దవాళ్ల మాటలు ఎక్కువగా చెవిన పడేకొద్దీ తగ్గుతాయి.

మాటలు లెక్కపెట్టేటప్పుడు రెండు భాషలూ కలుపు. "పాలు" ఒకటి, "షూ" ఒకటి. "బాల్ ఇవ్వు" అన్నాడా, రెండు మాటల వాక్యం వచ్చేసినట్టే! నెలలు నిండకుండా పుట్టినవాళ్లకైతే రెండేళ్లు దాటేవరకు, డాక్టరిచ్చిన కాన్పు తేదీ నుంచి వయసు లెక్కించు.

ఏడాదికి వేలితో చూపించకపోయినా, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆలస్యం చేయకు. ముందు చెవుల పరీక్ష చేయించు. అమెరికాలో మూడేళ్లలోపు పిల్లలకు ఎర్లీ ఇంటర్వెన్షన్ (చిన్నప్పుడే సాయం అందించే కార్యక్రమం) కింద ఉచితంగా పరీక్షిస్తారు. మన దేశంలో జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాలున్నాయి. వెళ్లేటప్పుడు ఇద్దరి మాటలూ, రెండు భాషల్లోవీ, విడివిడిగా రాసి పట్టుకెళ్లు. ఒకడికి సాయం కావాల్సి రావచ్చు, రెండోవాడికి అక్కర్లేకపోవచ్చు. ఎవరి మాట వాళ్లదే తల్లీ.