సంత కోడిని తెచ్చిన రోజే గూట్లో కలపరాదు



గేదెను కొనేటప్పుడు మనం పళ్ళు చూస్తాం, పొదుగు చూస్తాం, ఎన్నో ఈతో అడుగుతాం. కోడిపెట్టను కొంటే మాత్రం కాళ్ళు కట్టి సంచిలో తెచ్చి, చీకటి పడగానే పాత కోళ్ళ గూట్లోకి వదులుతాం. పది రోజుల్లో గూడు ఖాళీ అయితే "తెగులు వచ్చింది" అనుకుంటాం. ఆ తెగులు చాలాసార్లు మనం తెచ్చిన కోడితోనే వస్తుంది.

కొత్త కోడికి మూడు వారాల ఎడం

కొక్కెర తెగులు, అనగా రాణిఖేత్ వ్యాధి, ఒంట్లో ప్రవేశించిన కొన్ని రోజులకు గాని బయటపడదు. అందుచేత కొత్త కోడిని మూడు వారాలు దూరంగా వేరే గంప కింద గాని పాకలో గాని ఉంచాలి. నీళ్ళ ముంత, మేత చిప్ప వేరుగా ఉండాలి. ముందు పాత కోళ్ళకు మేత వేసి, తరువాతనే కొత్తదాని వద్దకు వెళ్ళాలి. చేతులు, కాళ్ళు కడుక్కున్న తరువాతనే పాలు పితకడానికి కూర్చోవాలి.

మొదటి రోజు మంచి నీరు, కొద్దిగా నూకలు చాలు. రెక్కల కింద పేలు, గోమార్లు ఉన్నాయేమో చూడండి. నాలుగైదు రోజులకు కోడి తేరుకున్నాక పశువైద్యుని సలహాపై నట్టల మందు, మరో వారానికి టీకా వేయించండి.

జబ్బు కోడిని గుర్తించడం

ఈకలు ఉబ్బించి మూల కూర్చోవడం, మేత మానడం జబ్బుకు మొదటి గుర్తులు. పచ్చని పారుడు, నోరు తెరిచి రొప్పడం, మెడ వంకర పోవడం, కాళ్ళు రెక్కలు పడిపోవడం కొక్కెర తెగులు లక్షణాలు. పిల్లలు రక్తంతో పారితే రక్తపారుడు కావచ్చు. దీనికి మందు ఉన్నది, ఆలస్యం చేయరాదు.

ఏ జబ్బయినా ముందు కోడిని వేరు చేసి, గాలివాన తగలని వెచ్చని చోట ఉంచి నీరు అందించండి. కొక్కెర తెగులు సోకిన తరువాత నయంచేసే మందు లేదు. టీకా ఒక్కటే రక్షణ, అదీ ఆరోగ్యంగా ఉన్న కోళ్ళకే వేయాలి.

టీకా విషయంలో సంఘం సాయం

పిల్లలకు 5-7 రోజుల వయసులో లసోటా టీకాను కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క వేస్తారు. 8 వారాలు దాటిన కోళ్ళకు ఆర్.2.బి. సూది వేస్తారు. ఈ మందు సీసాలు సాధారణంగా 100 డోసులకు తక్కువ ఉండవు. ఐసులో తేవాలి, కలిపిన మందు రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్ళున్న ఇంటికి ఇది సాధ్యం కాదు. కనుక వీధిలోని వారందరూ సంఘం కార్యదర్శితో మాట్లాడి ఒక రోజు నిర్ణయించుకొని, తెల్లవారుజామున గూళ్ళు తెరవకముందే వేయించుకోవాలి.

చేయరాని పనులు

జబ్బు కోడిని సంతలో అమ్మరాదు. అది మరొకరి గూటికి తెగులు పంపడమే. చచ్చిన కోడిని కాలవలో, పెంటపోగు మీద పారవేయక లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి.

ఒక్కసారిగా అనేక కోళ్ళు చనిపోతే వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు తెలపండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. 2024లో అమెరికాలో హెచ్5ఎన్1 పాడి ఆవులకు సోకి వాటి పాలలోనూ కనిపించింది. కాబట్టి కోళ్ళ గూడును పశువుల కొట్టంలో కాక విడిగా కట్టుకొనడం, పాలు కాచి తాగడం రెండింటికీ క్షేమం.