పంట పండించని లస్కరు

జమ్మలమడుగు దగ్గర పెన్నానదికి కట్టిన మైలవరం జలాశయం మీలో చాలామంది చూసే ఉంటారు. కాలువ తూముల దగ్గర లస్కరు ఉంటాడు. అతడు దున్నడు, విత్తడు, ఒక్క గింజ కూడా పండించడు. అయినా ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో చూసేది అతడే. మైలవరంలో తూము దించితే ప్రొద్దుటూరు వైపు చేను ఎండుతుంది. పులివెందుల చీనీతోటలకు వెళ్ళే కాలువకైనా ఇదే నియమం.

మన జీవకణాలలో కూడా ఇలాంటి లస్కర్లున్నారంటే నమ్ముతారా?

చెత్త కాదు

కణకేంద్రకంలోని డి.ఎన్.ఏ.లో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి. కణం ఒక జన్యువుకు ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు తీస్తుంది. రైబోసోములు ఆ నకలు చదివి ప్రోటీను తయారుచేస్తాయి. ఇది మీ పాఠంలో ఉన్నదే.

అయితే మన డి.ఎన్.ఏ.లో ప్రోటీన్లకు పనికివచ్చే భాగం నూటికి రెండు పాళ్ళు కూడా లేదు. మిగతాదంతా చెత్త అని ఒకప్పుడు అనుకున్నారు. కాని ఆ భాగంనుండి కూడా ఆర్.ఎన్.ఏ.లు తయారవుతున్నాయి. వాటిలో 200 అక్షరాలకు మించినవాటిని ‘పొడవైన సంకేతరహిత ఆర్.ఎన్.ఏ.లు’ అంటారు. ఇవి ప్రోటీను తయారుచేయవు. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో చూస్తాయి.

2007లో అమెరికాలో జాన్ రిన్, హోవార్డ్ చాంగ్ బృందం ‘హోటేర్’ అనే ఆర్.ఎన్.ఏ.ను కనుగొంది. అది 12వ క్రోమోజోముపై తయారై, 2వ క్రోమోజోముపై ఉన్న జన్యువులను అణచివేస్తున్నది. తూము ఒకచోట, చేను మరొకచోట!

క్లోమంలో ఏం జరుగుతుంది?

క్లోమం జీర్ణాశయం వెనుక దాగిన గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. జీర్ణరసాలనూ, ఇన్సులిన్‌నూ ఇస్తుంది. లోతుగా ఉన్నందువల్ల అక్కడ కంతి పుట్టినా చేతికి తగలదు. కామెర్లు, నొప్పి, బరువు తగ్గడం కనిపించేసరికి చాలామందిలో వ్యాధి ముదిరిపోయి ఉంటుంది. ఈ క్యాన్సర్ అంత ప్రమాదకరం కావడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ క్యాన్సర్ రోగులలో నూటికి 90 మందికి పైగా ‘కె-రాస్’ అనే జన్యువు చెడి ఉంటుంది. ‘విభజన చెందు’ అనే ఆజ్ఞ ఆగకుండా వెలువడుతుంది. దానికి తోడు లస్కర్లు కూడా గతి తప్పుతారు. క్లోమ కంతులలో హోటేర్ మోతాదు మించి ఉందని 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. ప్రయోగశాలలో హోటేర్‌ను తగ్గించగా క్యాన్సర్ కణాల పెరుగుదల మందగించింది. కణాలకు కళ్ళెం వేసే జన్యువులను హోటేర్ అణచివేస్తున్నదన్నమాట.

మన హైదరాబాదులో

దీర్ఘకాలం వాచిన క్లోమంలో క్యాన్సర్ ముప్పు ఎక్కువ. మన దేశంలో కొందరికి చిన్నవయసులోనే క్లోమంలో రాళ్ళు ఏర్పడతాయి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు గిరిరాజ్ చందక్, లాల్జీ సింగ్, వైద్యుడు డి. నాగేశ్వరరెడ్డి తదితరులు ఇలాంటి రోగులను పరీక్షించారు. చాలామందిలో ‘స్పింక్-1’ జన్యువు మారి ఉందని 2002లో ప్రకటించారు. ఈ జన్యువు ఇచ్చే ప్రోటీను, క్లోమం తన రసానికి తానే జీర్ణమైపోకుండా కాపాడుతుంది. అంటే ఇక్కడ చెడింది లస్కరు కాదు, పండించే చేనే. శాస్త్రజ్ఞులు రెండింటినీ వెదకాలి.

ప్రయోజనమేమిటి?

ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్ విషయంలో, మూత్రంలో ‘పి.సి.ఎ.-3’ అనే ఇలాంటి ఆర్.ఎన్.ఏ.ను కొలిచే పరీక్షకు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. క్లోమ క్యాన్సర్‌ను కూడా రక్తపుచుక్కలోని ఆర్.ఎన్.ఏ.లతో ముందుగానే పసిగట్టాలని పరిశోధకులు కృషి చేస్తున్నారు. ఆ పరీక్ష వచ్చేలోగా మన చేతిలో ఉన్నది ఒకటుంది. పొగతాగేవారికి ఈ క్యాన్సర్ ముప్పు సుమారు రెట్టింపు. బీడీ, సిగరెట్టు ముట్టకండి. ఇంట్లో పెద్దలకూ చెప్పండి.

ఆలోచించండి

1. ప్రోటీను తయారుచేయని ఆర్.ఎన్.ఏ.ను లస్కరుతో ఎందుకు పోల్చాము?
2. క్లోమంలో కంతి ఆలస్యంగా బయటపడడానికి కారణమేమిటి?
3. ఒక తూము మూయవలసినప్పుడు తెరిస్తే నష్టమా, తెరవవలసినప్పుడు మూస్తే నష్టమా? కణం విషయంలో చెప్పండి.