ముందు ఏ పుస్తకం?

చి॥ బుజ్జికి,

నువ్వు పంపిన తత్వశాస్త్ర పుస్తకాల జాబితా చూశాను. బాగానే ఏరావు గానీ, అందులో సగం పుస్తకాలు కొత్తవాళ్లని గడప దాటనివ్వవు.

కాంట్ 'ప్రొలెగోమెనా' పలచగా ఉందని పెట్టుకున్నట్టున్నావు. 1781లో వచ్చిన తన పెద్ద గ్రంథం చాలామందికి కొరుకుడు పడకపోవడంతో 1783లో రాశాడాయన. అయితే ఇది నేర్చుకునేవాళ్లకి కాదు, ముందుముందు నేర్పబోయేవాళ్లకి అని మొదట్లోనే చెప్పేశాడు. కాబట్టి పేజీలు లెక్కపెట్టడం కాదు, ఆ రచయిత ఎవర్ని ఎదురుగా ఊహించుకుని రాశాడో చూసుకో.

మన అన్నంభట్టు 'తర్కసంగ్రహం' పిల్లలకి సుళువుగా తెలియాలని రాసిందే. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందంటాం, వంటింట్లో ఆ రెండూ కలిసుండటం చూశాం కనుక. మరి నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందా? ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె తగలాలి. ఎంత ముచ్చటైన వాదనో! కానీ ఇదంతా నాలుగు ముక్కల్లో కుదించేశాడు. గురువు పక్కన కూర్చుని విప్పి చెబుతాడన్న ధీమా అది. చెప్పే మాస్టారు దొరికితే వదలకు. ఒక్కదానివే అయితే ఇప్పుడొద్దు.

ఒంటరిగా చదువుకోడానికి రసెల్ 'ది ప్రాబ్లమ్స్ ఆఫ్ ఫిలాసఫీ' మంచిది. 1912లో, ఇంటిపట్టున చదువుకునే మామూలు జనం కోసం వేసిన చిన్న పుస్తకాల వరసలో వచ్చింది. తన ముందున్న బల్లతో మొదలుపెడతాడు. చూసే చోటుని బట్టి రంగు మారుతుంటే, బల్ల అసలు రంగేది అంటాడు. అయిదో అధ్యాయం దగ్గర కాస్త బిగుసుకుంటుంది. విసుగొస్తే నిస్సంకోచంగా చివరి అధ్యాయానికి దూకెయ్.

దానికంటే ముందు మాత్రం ప్లేటో 'యూథిఫ్రో' చదువు. ఒక పూటలో అయిపోతుంది. యూథిఫ్రో కన్నతండ్రి మీదే హత్యానేరం మోపడానికి కోర్టుకొచ్చాడు. వాళ్ల పొలంలో ఒక కూలీ తాగి బానిసని చంపాడు. తండ్రి ఆ కూలీని కట్టేసి గుంటలో పడేసి, ఏం చెయ్యాలో అడిగి రమ్మని ఏథెన్సుకి మనిషిని పంపాడు. కబురు వచ్చేలోగా ఆకలికీ చలికీ కూలీ చచ్చిపోయాడు. తండ్రి మీద కేసు పెట్టడం ధర్మమేనని యూథిఫ్రోకి ఇసుమంతైనా అనుమానం లేదు. సోక్రటీస్ అడుగుతాడు: దేవతలు మెచ్చారు కాబట్టి అది ధర్మమైందా, ధర్మం కాబట్టి మెచ్చారా? జవాబు తేలకుండానే యూథిఫ్రో పనుందంటూ జారుకుంటాడు. తీర్పు చెప్పేవాడు లేడు కాబట్టి ఆ పని నీ మీదే పడుతుంది. కొత్తవాళ్లకి కావలసింది ఇదే అంటాను నేను.

విల్ డ్యూరాంట్ తన పుస్తకంలో (1926) తత్వవేత్తల కథలు బాగా చెబుతాడు. స్పినోజా అద్దాలు సానపట్టి బతికాడని గుర్తుంటుంది గానీ అతని వాదన గుర్తుండదు. రైలు ప్రయాణానికి ఉంచుకో. భారతీయ తత్వశాస్త్రం మీద రాధాకృష్ణన్ రాసిన రెండు సంపుటాలు కొనే ముందు హిరియన్న 'ది ఎసెన్షియల్స్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ' చూడు. ఒక్క సంపుటమే, మాట పొదుపు.

యూథిఫ్రో చేసింది తప్పో ఒప్పో ఒక పేజీ రాసి పంపు. ఎందుకో రాయకుండా తీర్పు మాత్రం చెబితే తిప్పి పంపేస్తాను. దసరాకి వచ్చినప్పుడు నా రసెల్ పట్టుకెళ్లు, కొనకు.

మీ పెదనాన్న