సముద్రపుటొడ్డున దొరికిన రాగినాణెము

గడచిన సంవత్సరము శీతకాలపు సెలవులకు ముందు మా ఎనిమిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని బందరు సమీపముననున్న మంగినపూడి సముద్రతీరమునకు పోయితిమి. ప్రకృతిశాస్త్రపు తరగతికి గవ్వలును, ఆలిచిప్పలును, నత్తగుల్లలును ఏరి తెచ్చుటయే మా యుద్దేశము. ఆ తీరమున నేల నల్లమన్నుతో కూడియుండును గనుక చిన్న వస్తువులు అందులో కలిసిపోయి కంటికి ఆనవు. అట్లయినను ఒక బాలుడు, ఆటుపోటులు విడిచిపోయిన నాచు వరుసలో, పచ్చగా చిలుమెక్కిన గుండ్రని బిళ్లనొకదానిని చూచి తీసెను. తోటివారు అది సీసా మూతయని నవ్విరి. వాడు దానిని అరచేత నుంచుకొని బరువు చూచి, "మూత యింత బరువుండదు మాస్టరుగారూ" అని మాకు తెచ్చి యిచ్చెను.

పాతనాణెమును గుర్తించుట యెట్లో చెప్పుటకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము. అయితే మేము దానిని సరిగా గుర్తించిన విధమునకు ముందు, తప్పుగా గుర్తించిన విధమును చెప్పవలసియున్నది. విద్యార్థులకు పనికివచ్చునది అందులోనే యెక్కువగా నున్నదని తోచుచున్నది.

మొదటి తప్పు ఆ సాయంకాలమే జరిగినది. ఇంటికి వచ్చినతోడనే రాగిచెంబును తోమినట్లు ఆ బిళ్లను చింతపండుతోను, ఇసుకతోను తోమితిమి. చిలుము పోయి రాగి తళతళలాడెను. మాకు సంతోషము కలిగెను. చిలుముతో కూడ, దాని క్రింద దాగియున్న సన్నని అక్షరములలో కొన్ని పోయినవని తరువాత తెలిసికొంటిమి. రాగిపైన ఏండ్ల తరబడి ఏర్పడిన పొర కేవలము మురికి కాదు. లోహపు పై భాగమే మారి ఆ పొర యయినది. చెక్కినదాని రూపము కొన్ని చోట్ల ఆ పొరలోనే నిలిచియుండును. పులుసు ఆ పొరను తినివేయును, ఇసుక మిగిలినదానిని గీచివేయును. మంచినీటిలో, వీలయిన బట్టిపట్టిన నీటిలో, కొన్ని దినములు నానవేసి, నీరు మార్చుచు, ఉప్పు వదలిన పిదప మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టుటయే చేయదగిన పని. అంతకు మించి చేయరాదు.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. తోమిన నాణెముపై ఒకవైపున ఇంగ్లీషు "వి" అక్షరమును, దానికి కొంత దిగువగా "సి" వంటి వంపును, అడుగున 179 అను అంకెలును కనబడెను. నాలుగవ అంకె స్పష్టముగా లేదు. రెండవవైపున ఒక డాలును, దానికి ఇరుప్రక్కల నిలువబడిన సింహములును మసకగా కనబడెను. ఆ వారమే మేము చరిత్ర తరగతిలో డచ్చివారు 1605లో బందరున వర్తకస్థానము నెలకొల్పిన సంగతి చెప్పియుంటిమి. పిల్లలకు డచ్చివారి సమాధులను కూడ చూపియుంటిమి. డచ్చి తూర్పుఇండియా సంఘమువారు తమ పేరులోని మూడక్షరములను కలిపి, పెద్ద "వి" యొక్క ఎడమకాలిపై "ఓ"ను, కుడికాలిపై "సి"ని చేర్చి వ్రాసిన ముద్రను తమ వస్తువులన్నిటిపై వేసెడివారు. తూర్పుదేశములలో చెల్లుటకై 1726 మొదలు కొట్టించిన "డ్యూట్" అను రాగినాణెములపై ఆ ముద్రయు, దాని క్రింద సంవత్సరమును ఉండును. రెండవవైపున దానిని ముద్రించిన హాలెండు, జీలెండు, ఉట్రెక్టు మొదలగు రాష్ట్రముల చిహ్నముండును. వానిలో ఉట్రెక్టు నాణెముపైన డాలునకు ఇరుప్రక్కల సింహములున్నవి. ఇంక సందేహమేమి? "డచ్చివారి డ్యూట్, ఉట్రెక్టు ముద్ర" అని ఒక చీటి వ్రాసి, నాణెమును పాఠశాల వస్తుప్రదర్శనపు బీరువాలో నుంచితిమి.

నాణెమును కనుగొన్న బాలుడు ఆ దినమున లేచి, "మాస్టరుగారూ, ఓ యెక్కడ నున్నది? వి ప్రక్కన నిలువుగీత యున్నది గాని గుండ్రము లేదు" అనెను. "అరిగిపోయినది, కూర్చుండుము" అంటిమి. వాడు కూర్చుండెను. తరగతిలో నవ్వులు వినబడెను. మేము వానిని వారింపలేదు.

రెండు నెలలు గడచెను. ఈ సంచికకు నాణెమును గూర్చి నాలుగు మాటలు వ్రాయ తలచి, బరువుకూడ వేయవలెనుగదా యని శాస్త్రపు గదిలోని త్రాసులో దానిని తూచితిమి. పండ్రెండు గ్రాములకు మించియున్నది. తులమనగా సుమారు 11.66 గ్రాములు గనుక ఇది తులమునకు పైమాటే. అడ్డముగా కొలువగా అంగుళముకంటె కొంచెము పెద్దది. డ్యూట్ నాణెము బరువు సుమారు మూడు గ్రాములు మాత్రమే. దాని వెడల్పు అంగుళము కూడ ఉండదు. అరుగుటచేత నాణెము తేలికయగును గాని బరువెక్కదు. త్రాసును పలుమారు సరిచూచితిమి. త్రాసులో తప్పు లేదు.

ఇదియే మేము మొట్టమొదట చేయవలసిన పని. ఏ నాణెము దొరికినను, దానిపై నున్న అక్షరములను చదువుటకు పూర్వమే లోహమేదో, బరువెంతయో, అడ్డుకొలత యెంతయో, అంచు గుండ్రముగా సమముగా నున్నదో లేక చేతితో కొట్టినట్లు వంకరగా నున్నదో వ్రాసికొనవలెను. అక్షరములు మనకు ముందే తెలిసినదానిని చెప్పుచున్నట్లు భ్రమింపజేయును. బరువునకు అట్టి గుణము లేదు.

ఆ మధ్యాహ్నమే ఆ బాలుని పిలిపించి, సంగతి చెప్పి, నాణెము వాని చేతికిచ్చితిమి. వాడు మా కుర్చీ ప్రక్క నిలువబడి యేమియు అనలేదు. కొంతసేపటికి పలుచని కాగితమును నాణెముపై పరచి, మెత్తని పెన్సిలును ఏటవాలుగా పట్టి రుద్దసాగెను. కంటికి కనబడని మిట్టపల్లములు ఇట్టి రుద్దుడులో తేలును. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో చూచినను అంతే. నడినెత్తి ఎండలో చూచినవానికి నాణెము నునుపుగా కనబడును.

కాగితముపై తేలినవి ఇవి. వి, సి అనునవి ఒక హృదయాకారపు గీతలో నున్నవి. ఆ ఆకారమును అడ్డగీతలు నాలుగు గదులుగా చేయుచున్నవి. గదికొక అక్షరము చొప్పున వి, ఇ, ఐ, సి. బాలుడు చూచిన నిలువుగీత ఐ యన్నమాట. హృదయాకారమునకు పైన 4 అంకెవంటి గురుతున్నది. ఇది ఇంగ్లీషు తూర్పుఇండియా కంపెనీవారి మూటలపై వేసెడి ముద్ర. పూర్వము లాటిను పద్ధతిలో "యు"కు బదులు "వి" వ్రాసెడివారు గనుక మొదటి అక్షరము "యునైటెడ్" అను మాటకు గురుతు. రెండవవైపున డాలుపైన కిరీటమునకు మారుగా మరియొక చిన్న సింహమున్నది. ఉట్రెక్టు డాలుపైన నుండునది కిరీటము. ప్రక్కనున్న సింహములు రెంటియందును ఉండుటచేతనే మేము మోసపోయితిమి. డాలు చుట్టును రూపాయి అను ఇంగ్లీషు మాటలోని చివరి అక్షరములు నాలుగు తేలినవి. నలువదియెనిమిదిలోని ఎనిమిది కూడ తేలినది.

అంతట చిక్కు విడిపోయెను. "రూపాయికి 48" అని ఇంగ్లీషున ముద్రించిన ఈ నాణెమును కంపెనీవారు 1794లోను, 1797లోను ఇంగ్లండులోని బర్మింగుహాము వద్ద సోహో టంకశాలలో కొట్టించిరి. ఇందులో సగము విలువగల "రూపాయికి 96" నాణెమును కూడ అప్పుడే కొట్టించిరి. సోహో టంకశాల మాత్యూ బౌల్టను అను వర్తకునిది. ఆవిరియంత్రముతో నాణెములను ముద్రించుట అచ్చట ఆరంభమయ్యెను. అంచు ఇంత గుండ్రముగా, దళసరి ఇంత సమముగా నుండుటకు కారణమదియే. మన దేశమున ఆ కాలమున సమ్మెటతో కొట్టిన రాగినాణెములు వంకరటింకరగా నుండి, ముద్రలో సగము బిళ్లకు వెలుపలనే పోయెడిది.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. చెన్నపట్టణపు ప్రభుత్వము క్రింద నున్న సీమలో రూపాయి లెక్క ఏల వచ్చెను? చెన్నపట్టణమున ఆనాడు 80 కాసులు ఒక ఫణము, 42 ఫణములు ఒక వరహా అను లెక్క నడచుచుండెను. కంపెనీవారు 1803లోను, 1808లోను చెన్నపట్టణపు వాడుకకై కొట్టించిన నాణెములపై "కాసు" అను పేరే యున్నది. 1808 నాటి పెద్ద నాణెముపైన ఇరువది కాసులు నాలుగు ఫలూసులని పారసీలో కూడ వ్రాసియుండును. మన ఉత్తర సర్కారులు మాత్రము, అనగా చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కారులు, మొగలు రాజ్యమునందును తరువాత నిజాము రాజ్యమునందును ఉండినవి. 1765లో ఢిల్లీ పాదుషా యిచ్చిన ఫర్మానాచేతను, 1766లో నిజాముతో చేసికొన్న ఒడంబడికచేతను కంపెనీవారికి వచ్చినవి. గుంటూరు 1788లో చేరినది. దొరలు మారినను అంగడిలో లెక్క మారలేదు. రైతు, వర్తకుడు, నేతగాడు రూపాయిలలోనే లెక్కించుచుండిరి. అందుచేత కంపెనీవారు చెన్నపట్టణపు కాసును ఇచట రుద్దక, రూపాయికి 48 చొప్పున, అనగా అణాకు మూడు చొప్పున, ఈ నాణెమును ప్రత్యేకముగా ఈ సీమకు చేయించిరి. వెండి రూపాయి రాజధాని కంతటికిని ప్రమాణమైనది 1818లో మాత్రమే. ఇప్పుడు మనము ధనమంతటికిని వాడు "డబ్బు" అను మాట కూడ మొదట ఒక రాగినాణెము పేరే.

కావున బందరు ఒడ్డున దొరికిన ఈ బిళ్ల పరదేశపు వింత కాదు. ఈ సీమవారు ఉప్పునకును, నూనెకును ఇచ్చి పుచ్చుకొనుటకై చేయించినది. డచ్చివారి నాణెమైయుండిన బాగుండునని మా మనస్సులో ఒక మూల ఉండినమాట నిజము. మేము చెప్పిన పాఠమునకు అది చక్కగా అమరెడిది.

సంవత్సరములోని నాలుగవ అంకె సంగతి మిగిలెను. అది 4 కావలెను లేదా 7 కావలెను. రెంటికిని ఏటవాలు గీత యున్నది గాని, 7నకు అడ్డగీత నెత్తిపై నుండును, 4నకు నడుమ నుండును. కాగితముపై నెత్తిన ఏమియు లేదు. నడుమ చిన్న గీత తేలినది. కాబట్టి 1794.

అయితే నాణెము 1794లో సముద్రమున పడినదని ఎవ్వరును తలపరాదు. ముద్రించిన యేడు తెలిసినది గాని పోగొట్టుకొన్న యేడు తెలియలేదు. రాగినాణెములు అరువది డెబ్బది యేండ్లు చేతులు మారుచుండెడివి. ఇది బాగుగా అరిగియుండుట చూడగా చాలకాలమే తిరిగినదని చెప్పవచ్చును. బందరున ఓడలు ఒడ్డునకు రాలేక దూరమున లంగరు దింపగా, పడవలపై సరకులు చేర్చెడివారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చి ఊరిని ముంచి సుమారు ముప్పదివేలమందిని పొట్టబెట్టుకొనెను. ఆ నీరు ఎన్ని యిండ్లలోని డబ్బును ఊడ్చుకొనిపోయెనో! పొలములో గాని, గోడక్రింద గాని దొరికిన నాణెమునకు ప్రక్కనున్న కుండపెంకులు సాక్ష్యము చెప్పును. ఒడ్డున దొరికినదానికి అట్టి సాక్షి లేదు.

దొరికిన చోటును బట్టి నాణెమును నిర్ణయింపరాదనుటకు ఒక దృష్టాంతము చెప్పెదము. చెన్నపట్టణమునకై 1808లో సోహోలో ముద్రించిన కాసులను ఎత్తుకొని "అడ్మిరల్ గార్డనర్" అను ఓడ బయలుదేరి, 1809 జనవరిలో ఇంగ్లండులోని కెంటు తీరము చేరువ గుడ్విను ఇసుకదిబ్బలపై బ్రద్దలయ్యెను. 1980ల తరువాత ఆ కాసులు లక్షలకొలదిగా పైకి వచ్చినవి. పారసీ అక్షరములుగల ఆ కాసులలో ఒక్కటియు చెన్నపట్టణపు అంగడిని చూచియుండలేదు.

నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. మా ప్రధానోపాధ్యాయులు నాణెపు కొలతలును, పెన్సిలు రుద్దుడును జతపరచి ఒక లేఖ పంపిరి.

నాణెము అంచున మొన్న లేతపచ్చని పొడి సూదిమొనయంత కనబడినది. సముద్రపుటుప్పు రాగిలో మిగిలియున్నపుడు, గాలిలోని తేమ తగిలి ఇట్లు తినుచు పోవును. ఇపుడు దానిని బట్టిపట్టిన నీటిలో నుంచి దినమునకొకసారి నీరు మార్చుచున్నాము. ఆ పని ఆ బాలునిదే. బీరువాలోని మా పాత చీటిని తీసివేసితిమి. క్రొత్త చీటి వాడే వ్రాసెను. అందులో లోహము, బరువు, కొలత, ముద్ర, సంవత్సరము వరుసగా నున్నవి. అన్నిటికంటె క్రింద "చింతపండుతో తోమబడినది" అని కూడ వ్రాసియున్నది. ఆ మాట వ్రాయవచ్చునా యని వాడు మమ్ము అడిగెను, వ్రాయుమంటిమి.