విదేశ ప్రయాణము: పెట్టిన సొమ్ము గిట్టునా?

జగిత్యాల జిల్లాలోని యొక గ్రామమున గ్రామసభ జరుగుచుండగా, ప్రభుత్వ పథకములను గూర్చి నేను చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి కూర్చుంటిని. త్రాగునీరు, వీథి దీపములు, శ్మశానవాటికకు త్రోవ మొదలగు విషయములు ముగిసిన పిదప వెనుక వరుసనుండి ఒక వృద్ధురాలు లేచి, “సారూ, మా పోరడు కతారు పోతనంటున్నడు. ఎకరం భూమి కుదువబెట్టి లక్షా ఇరువై వేలు తెచ్చినం. పోవుడు మంచిదా, పోకుండుడు మంచిదా, మీరే చెప్పుండ్రి” అని అడిగెను. సభలో కొందరు నవ్విరి. నాకు మాత్రము నవ్వు రాలేదు. ఆ ప్రశ్నకు సమాధానము నాయొద్ద సిద్ధముగా లేకుండెను.

ఈ ప్రశ్న ఆ యొక్క యూరిది కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, నిర్మల్ ప్రాంతములలో తరతరముగా వినబడుచున్నదే. “బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి” అని మూడు బాయిలను కలిపి చెప్పుకొనుట అచ్చటి వాడుక. కోనసీమనుండియు, పశ్చిమ గోదావరినుండియు, రాయచోటి, రాజంపేట ప్రాంతములనుండియు కువైటునకు పురుషులేగాక స్త్రీలును పెద్దసంఖ్యలో పోయియున్నారు. ఈ గ్రామములలో పంచాయతి సభ్యుడైనవాడు ఏదో యొక దినమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవాడే.

పోవలెననువారు ఊరి మొగదలనున్న రెండంతస్తుల మేడను చూపుదురు. వద్దనువారు శంషాబాదు విమానాశ్రయమునుండి వచ్చిన శవపేటికను జ్ఞాపకము చేయుదురు. రెండును నిజములే. కాని ఈ రెంటిని చూచి నిర్ణయము చేయుట లాటరీ చీటీ కొనుట వంటిది. ఈ ప్రయాణపు లాభనష్టములలో పెద్దభాగము విమానము నేల విడువకముందే, ఎవరికి ఎంత చెల్లించితిమి, ఆ సొమ్ము ఎచ్చటినుండి తెచ్చితిమి అను రెండు విషయములలో నిర్ణయమైపోవుచున్నది.

మన పూర్వులకును ఇది తెలియనిది కాదు. కోరంగి, కాకినాడ, భీమునిపట్నము, విశాఖపట్నము రేవులనుండి తెలుగువారు ఓడలెక్కి బర్మాకు పోయిన కాలమొకటి కలదు. రంగూనును “రంగము” అనిరి. అచ్చటివారు మనవారిని “కోరంగీలు” అనిరి. ఓడ చార్జీ, ఇంటివారికి బయానా సొమ్ము మేస్త్రీ ముందుగా ఇచ్చెడివాడు. ఆ బాకీ తీరువరకు కూలివాడు ఆ మేస్త్రీ చెప్పుచేతలలో నుండవలసినదే. 1930 మే నెలలో రంగూను రేవులో పనిచేయు తెలుగు కూలీలపై దాడులు జరిగినవి. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలాదిమంది అడవులగుండ కాలినడకను తిరిగివచ్చిరి. ఎందరో త్రోవలోనే మరణించిరి. 1960 దశకమున బర్మా ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసిన పిదప మరికొందరు వచ్చిరి. విశాఖపట్నములో బర్మా క్యాంపు అను పేరు నేటికిని వినబడును. ఆనాడు మేస్త్రీ ఉన్న స్థానమున నేడు ఏజెంటు ఉన్నాడు. భేదమేమనగా, మేస్త్రీ తానే ముందు సొమ్ము పెట్టెను; నేటి ఏజెంటు సొమ్మును పోవువానిచేతనే పెట్టించుచున్నాడు. నష్టము వచ్చినచో ఏజెంటుకు పోవునది ఏమియు లేదు.

ఆ వృద్ధురాలికి సమాధానముగా, పంచాయతి కార్యదర్శి ఇచ్చిన నోటీసు కాగితపు వెనుకవైపున మేము వేసిన లెక్కను ఇచ్చట వ్రాయుచున్నాను. సభ్యులు తమ గ్రామమునకు తగినట్లు అంకెలు మార్చుకొనవచ్చును.

కతారు దేశమున 2021 మార్చి నుండి ఎట్టి కార్మికునికైనను నెలకు 1,000 రియాళ్లకు తక్కువ మూలవేతనము ఈయరాదని శాసనము కలదు. వసతి, భోజనము కంపెనీవారు చూపనిచో వసతికి 500, భోజనమునకు 300 రియాళ్లు అదనముగా ఈయవలెను. ఈ కుర్రవానికి 1,000 రియాళ్ల జీతము, వసతి, భోజనము కంపెనీవే అనుకొందము. తన చేతిఖర్చులకు 200 ఉంచుకొని 800 రియాళ్లు ఇంటికి పంపును. రియాలు ఒక్కింటికి 23 రూపాయల చొప్పున అది 18,400 రూపాయలు. ఇంటిలో తల్లి, భార్య, బిడ్డ ఉన్నారు. నెలకు 8,000 అయినను కావలెను. మిగిలినది 10,400. అప్పు 1,20,000, వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు. మొదటి నెల వడ్డీయే 2,400 అగును. ఈ ప్రకారము ప్రతినెల తప్పక చెల్లించుచు పోయినను అప్పు తీరుటకు 13 నెలలు దాటును. ఒప్పందము 24 నెలలు. అనగా ఒప్పందములో సగముకంటె ఎక్కువ కాలము అతడు పనిచేయునది ప్రయాణపు ఖర్చు తీర్చుటకే. పిదప మిగులునది సుమారు 1 లక్షా 11 వేలు.

ఇది అంతయు సవ్యముగా జరిగినప్పటి మాట. మొదటి రెండు నెలలు ఇంటికి పైకము రాలేదనుకొనుడు. పోయిన క్రొత్తలో ఇది సామాన్యమే. ఆ రెండు నెలల ఇంటి ఖర్చును అప్పే అగును, వడ్డీ పెరుగును, అప్పు తీరునప్పటికి 18 నెలలు గడచును. మిగిలిన 6 నెలలలో చేతికి వచ్చునది 62 వేలు మాత్రమే. రెండేండ్లు ఎడారి యెండలో పనిచేసినదానికి ఇది ఫలితము. ఆ కాలమున ఇచ్చటనే ఉండి కూలిచేసినచో ఎంత మిగిలెడిదో దానిని ఇందులోనుండి తీసివేయవలసియున్నది. ఈ తీసివేతను చేయువారు బహు తక్కువ.

ఇప్పుడు అదే కుర్రవాడు, అదే జీతము, అదే వడ్డీ. కాని ప్రయాణమునకు అన్నియు కలిపి 50,000 మాత్రమే అయినదనుకొందము. అప్పు 5 నెలలు దాటగానే తీరిపోవును. మిగిలిన కాలములో సుమారు 1 లక్షా 96 వేలు నిలువ చేయవచ్చును. మొదట 70 వేలు తక్కువ చెల్లించినందున చివరకు 85 వేలు ఎక్కువ మిగిలినది. వృద్ధురాలి కుమారుడు ఈ లెక్కను రెండుమార్లు తానే వేసి చూచుకొనెను. అతడు పదవ తరగతిలో ఒక్క గణితములోనే తప్పినవాడట. కాని ఈ లెక్కలో పొరపాటు చేయలేదు.

50 వేలతో పోవుట సాధ్యమా యని మీరు అడుగవచ్చును. 1983 నాటి వలసల చట్టము ప్రకారము, కేంద్రప్రభుత్వము వద్ద రిజిస్టరు చేసికొని ధ్రువపత్రము పొందిన ఏజెంటు మాత్రమే విదేశపు ఉద్యోగములకు మనుష్యులను కుదుర్పవలెను. ఆ ఏజెంటు తన సేవకు 30,000 రూపాయలకు మించి తీసికొనరాదు. దానిపై నూటికి 18 చొప్పున పన్ను చేర్చినను 35,400 మాత్రమే. పుచ్చుకొన్న సొమ్మునకు రసీదు ఈయవలెను. మన గ్రామములలో తిరుగు సబ్ ఏజెంట్లకు ఈ ధ్రువపత్రము లేదు. వారు చేయు వ్యాపారము నేరము. ఐనను వారు మన బంధువులుగానో, ఇదివరకు పోయివచ్చిన మిత్రులుగానో వచ్చుచుందురు గనుక రసీదు అడుగుటకు మనకు మొగమాటము. “మనోడే గదా” అను మాటకు ఎన్ని ఎకరములు కుదువకు పోయినవో లెక్కపెట్టుట కష్టము.

రిజిస్టరైన ఏజెంట్ల పేర్లు, వారి నెంబర్లు కేంద్రప్రభుత్వపు ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైటులో ఎవరైనను చూడవచ్చును. పంచాయతి కార్యాలయములో కంప్యూటరున్నచో అది అయిదు నిమిషముల పని. తెలంగాణ రాష్ట్రములో ‘టామ్‌కామ్’, ఆంధ్రప్రదేశ్‌లో ‘ఓంక్యాప్’ అను ప్రభుత్వ సంస్థలును విదేశపు ఉద్యోగములకు మనుష్యులను ఎంపిక చేయుచున్నవి. వీటిద్వారా పోవుటకు కొంత ఆలస్యమగుట నిజమే. ఆ విషయమును దాచవలసిన పనిలేదు. సబ్ ఏజెంటు నెలలో పంపెదననును, సంస్థవారు ఇంటర్వ్యూకు రమ్మందురు. తొందరపడినవాడు నెలను ఆదాచేసి, సంవత్సరమును పోగొట్టుకొనుచున్నాడు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారికి ఈసీఆర్ పాసుపోర్టు ఇత్తురు. వారు గల్ఫు దేశములు మొదలగు 18 దేశములకు ఉద్యోగమునకై పోవునప్పుడు వలసదారుల రక్షణాధికారి అనుమతి పొందవలెను. ఆ కార్యాలయము హైదరాబాదులో కలదు. దీనిని అడ్డంకిగా తలంచువారే ఎక్కువ. కాని ఆ అనుమతిలోనే జీతపు ఒప్పందము నమోదగును. ప్రవాసీ భారతీయ బీమా యోజన క్రింద బీమా కట్టబడును. రెండేండ్లకు 275, మూడేండ్లకు 375 రూపాయలతో ప్రమాదమువలన మరణమో, శాశ్వత వైకల్యమో సంభవించినచో 10 లక్షల రూపాయలు లభించును. ఈసీఆర్ పాసుపోర్టు గల స్త్రీలు ఇంటిపనులకై ఈ దేశములకు పోవుటకు 30 ఏండ్లు నిండియుండవలెను. ప్రభుత్వ సంస్థలద్వారానే పోవలెను. ఈ నిబంధన తప్పించుటకు విజిటు వీసాపై పంపించు ఏజెంట్లు కలరు. విజిటు వీసా చూచివచ్చుటకే గాని పనిచేయుటకు కాదు. దానిపై పోయినవారికి అనుమతి లేదు, బీమా లేదు, జీతము రాకున్న అడుగుటకు ఆధారపు కాగితము లేదు.

ఇట్టిదే ‘ఆజాద్ వీసా’. పేరు వినుటకు ఇంపుగా నున్నది. ఒక కఫీలు పేరున వీసా తీసి, బయట ఎచ్చటనైనను పనిచేసికొమ్మందురు. పట్టుబడినచో అది చట్టవిరుద్ధము. సౌదీలో అకామా గడువు ముగిసి, కఫీలు దానిని మార్పించనిచో ఆ మనిషి ఖల్లివల్లి అగును. ఆ మాటను అచ్చటినుండి వచ్చినవారు నవ్వుచు చెప్పుదురు. దాని వెనుక ఇంటికి రాలేని, తల్లి అంత్యక్రియలకు అందని సంవత్సరములు ఉన్నవి.

అన్ని కాగితములు సరిగానున్నను మన చేతిలో లేని ఆపదలు కొన్ని కలవు. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమింపగా, సుమారు 1 లక్షా 70 వేలమంది భారతీయులను విమానములలో తీసికొనిరావలసి వచ్చెను. 2020లో కోవిడ్ ప్రబలినప్పుడు అనేకులు బకాయి జీతములు విడిచి వచ్చిరి. యుద్ధము వచ్చినను, వ్యాధి వచ్చినను ఊరిలోని వడ్డీ ఒక్క దినమైనను ఆగలేదు. తక్కువ అప్పుతో పోయినవాడు తిరిగివచ్చి నిలద్రొక్కుకొనెను. భూమిని కుదువబెట్టి పోయినవాడు భూమిని పోగొట్టుకొనెను.

లెక్కకు అందని లాభములును ఉన్నవి. క్రేను నడపుట, పైపులు అతుకుట, ఏసీ యంత్రముల మరమ్మతు నేర్చి వచ్చి ఇచ్చట గౌరవముగా బ్రతుకుచున్నవారిని నేనెరుగుదును. ఆడపిల్లను ఇంజనీరింగు చదివించిన తండ్రులున్నారు. అట్లే, తండ్రి ముఖమును ఫోనులో మాత్రమే చూచిన బిడ్డలును ఉన్నారు. వీటికి ధర కట్టుట నావల్ల కాదు. ఆ ఇంటివారే కూర్చుండి మాటలాడుకొనవలెను.

పంచాయతివారు చేయదగిన పని యొకటి మాత్రము కలదు. విదేశమునకు పోవువారి పేరు, పాసుపోర్టు నెంబరు, వీసా ఏ రకమైనది, కంపెనీ పేరు, ఏజెంటు రిజిస్ట్రేషను నెంబరు ఒక పుస్తకములో వ్రాసి, ఒప్పందపు ప్రతిని కార్యాలయములో ఉంచుట. దీనికి ఖర్చు లేదు. అచ్చట మరణము సంభవించినప్పుడు శవము వచ్చుటకు వారములు పట్టుచున్నది. కంపెనీ పేరైనను తెలియక భార్య ఊరూర తిరుగుట నేను చూచితిని. విదేశాంగ శాఖవారి ‘మదద్’ వెబ్‌సైటులో ఫిర్యాదు చేయుటకును, గల్ఫులో మరణించినవారి కుటుంబములకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సహాయమును కోరుటకును ఈ కాగితములే ఆధారము. ఇక ప్రయాణమునకు అప్పు తప్పనిసరియైనచో, సేటువద్దకు పోకముందు మహిళాసంఘపు అప్పు దొరుకునేమో విచారింపుడని చెప్పుట సభ్యుల పని.

ఆ గ్రామమునకు నేను మరుసటి నెలలో మరల పోయితిని. కుర్రవాడు రసీదు కోరగా, ఏజెంటు “నమ్మకం లేకపోతే వద్దు” అనెనట. అడ్వాన్సుగా ఇచ్చిన 20 వేలు ఇంకను రాలేదు. తక్కిన లక్ష రూపాయలను సేటునకు తిరిగి కట్టిరి. కుర్రవాడు టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసికొని, ఈలోగా పదవ తరగతి గణితము వ్రాయుటకు ఫీజు చెల్లించెను. పాసుపోర్టు మాత్రము ఏజెంటువద్దనే ఉండిపోయినది. పాసుపోర్టు భారత ప్రభుత్వపు సొత్తనియు, దానిని పట్టియుంచు హక్కు ఏజెంటుకు లేదనియు నేను చెప్పగా, సర్పంచియు, ఇద్దరు వార్డు సభ్యులును ఆ సాయంకాలమే మోటారు సైకిళ్లపై మెట్‌పల్లికి బయలుదేరిరి.