వీధి బాగుపడితే జబ్బులు తగ్గుతాయా?

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. అప్పటినుండి కలెక్టరేట్లు, కొత్త కాలనీలు వచ్చాయి. సంతోషమే. కాని వాంతులు, విరేచనాలతో బిడ్డను తెచ్చిన తల్లిని మేము ముందుగా అడిగేది, "అమ్మా, మీ ఇంటికి నీళ్లు ఎక్కడినుండి వస్తాయి? మురికినీరు ఎటు పోతుంది?" అని.

పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తే రోడ్డు ఎత్తవుతుంది, ఇంటి గడప పల్లమవుతుంది. వానాకాలంలో వీధి నీరంతా పేదవాని ఇంట్లోకే వస్తుంది. కుళాయి పైపు మురికి కాలువలోనుండి పోతే ఇంకా ప్రమాదం. నీళ్లు వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది. ఆపగానే పగుళ్లలోనుండి మురికి లోపలికి చేరుతుంది. అందుకే మొదట వచ్చే నీళ్లు పారబోయండి. తాగే నీళ్లు కళపెళ మరిగించి చల్లార్చుకోండి. పైపు మార్చమని వీధివారంతా కలిసి మున్సిపాలిటీకి అర్జీ ఇవ్వండి. ఒక్కరు అడిగితే ఎవరూ వినరు.

అహ్మదాబాదులో కొన్ని మురికివాడలకు ఇంటింటికీ కుళాయి, మరుగుదొడ్డి, మురుగు పైపు, రోడ్డు అన్నీ కలిపి ఇచ్చారు. అక్కడి పేద స్త్రీల ఆరోగ్య బీమా క్లెయిములను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. నీటివల్ల వచ్చే జబ్బులకు క్లెయిము పెట్టే అవకాశం 32 శాతం నుండి 14 శాతానికి తగ్గిందట. ఇళ్లు కూల్చలేదు, మనుషులను కదల్చలేదు.

ఇల్లు మారవలసి వస్తే ఎంత దూరమన్నదే ముఖ్యం. మన పాలమూరు నుండి వలసపోయినవారికి హైదరాబాదు సంగతి తెలుసు. సికింద్రాబాదు ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసి అదే స్థలంలో 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. పని, బడి, ఆసుపత్రి దగ్గరే ఉన్నాయి. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరులో 15,660 ఇళ్లున్నాయి గాని అవి నగరం అంచున ఉన్నాయి. ఆడవారికి 2023 డిసెంబరు నుండి బస్సు ఉచితమే, కాని దారిలో పోయిన గంటలకు కూలి ఎవరిస్తారు?

గద్వాల నేత కుటుంబాలకు ఇల్లే పనిచోటు. గుంట మగ్గానికి నేల తవ్వాలి. మూడో అంతస్తులో ఎక్కడ తవ్వుతారు? ఇల్లిచ్చేవారు ఈ మాట ముందే అడగాలని మా అభిప్రాయం.

క్షయ మందులు వాడుతూ ఇల్లు మారేవారికి ఒక మాట. మందులు కనీసం 6 నెలలు వాడాలి. మధ్యలో మానితే జబ్బు మొండికేస్తుంది. కదిలేముందే ఆశా కార్యకర్తకు చెప్పి, నిక్షయ్ నంబరు వెంట ఉంచుకోండి. కొత్త ఇంటి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితంగానే ఇస్తారు. పోషకాహారానికి ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలైంది. బ్యాంకు ఖాతా సరిగా ఉందో లేదో అక్కడే అడగండి.