మంచులో మనిషి ఫోటో

విద్యార్థి సంఘం మిత్రులు సావనీరుకి ఏదైనా రాయమన్నారు. పాఠం చెప్పడం తప్ప రచన నాకు రాదు. అంచేత పాఠమే చెబుతాను. చలికాలం పొద్దున్నే ఆరుబయట, కలలో కనిపించినట్టుండే మనిషి ఫోటో తియ్యడం ఎలాగన్నదే ఆ పాఠం. ముందుగా నేను చెడగొట్టిన సంగతి.

1984 జనవరిలో సంక్రాంతికి కోనసీమలో మా ఊరు వెళ్లాను. చేతిలో స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకున్న కెమేరా, అందులో 36 బొమ్మల నలుపు-తెలుపు రీలు. మా నాయనమ్మ జన్మలో ఫోటో దిగలేదు. దిగితే ఆయుష్షు తగ్గుతుందని ఆవిడ నమ్మకం. ఎలా మెత్తబడిందో గాని, భోగి ముందురోజు "తియ్యరా, చూద్దాం" అంటూ శాలువా కప్పుకుని కొబ్బరితోటలో నిలబడింది. పది బారల అవతలి చెట్టు నీడలా కనబడేటంత మంచు. మీటరు చెప్పినట్టే పన్నెండు తీశాను. కడిగించి చూస్తే మంచు బూడిదరంగు, నాయనమ్మ ముఖం బొగ్గు! రీలు పాడైందని ఆవిడకి అబద్ధం చెప్పాను.

తప్పు మీటరుది కాదు. ఎదురుగా ఏమున్నా అది నడిమి బూడిదరంగే అనుకుని లెక్క కట్టడం దాని స్వభావం. తెల్లటి మంచు చూపిస్తే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించమంటుంది. కాబట్టి అది చెప్పినదానికి ఒకటి, ఒకటిన్నర స్టాపు మనమే పెంచాలి. లేదా ముఖానికి దగ్గరగా వెళ్లి అక్కడి రీడింగు తీసుకోవాలి. సెల్‌ఫోన్లోనూ ఇదే గొడవ: తెరమీద ముఖాన్ని తాకి వెలుతురు కాస్త పైకి జరపండి.

ఇక కల ఎక్కడినుంచి వస్తుంది? గాలిలోని సన్నని నీటిబిందువులు వెలుతురుని అన్ని వైపులకీ చెదరగొడతాయి. అందుకే ముఖంమీద కరకు నీడలుండవు. దూరం పెరిగినకొద్దీ వస్తువులు తెల్లదనంలో కరిగిపోతాయి. మనిషిని అయిదారడుగుల్లో నిలబెట్టి, వెనకచెట్టు ముప్పై నలభై అడుగుల్లో ఉండేట్టు చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. మనిషి కూడా దూరం జరిగితే ముఖమూ కరుగుతుంది, జాగ్రత్త. సూర్యుడు ఎక్కీ ఎక్కని వేళ ఆయన్ని మనిషి వెనక ఓ చెట్టుమానుకి చాటు చెయ్యండి, మంచులో కిరణాలు చారలు చారలుగా దిగుతాయి. అప్పుడు ముఖం నల్లబడకుండా ముందునుంచి తెల్లపంచె పట్టించండి. మాకు తాతయ్య ఉత్తరీయం పనికొచ్చింది, ఆయన విసుక్కున్నా.

మరుసటేడు ఇంకో వేషం వేశాను. లెన్సుముందు తగిలించే పాత ఫిల్టరు అద్దానికి వేజలైను పూసి తీశాను (లెన్సుకే పూసేరు సుమా!). ప్రింటు నాకు మహా అందంగా కనిపించింది. నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని చూసి, "ఎవర్రా ఈవిడ? నా ముడతలేవీ?" అంది. చిన్నబోయాను. కాని ఆవిడ మాటే రైటు. కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48వ ఏట, 1863 చివర్లో, కెమేరా పట్టుకుంది. ఫోకసు సరిగ్గా లేదని ఆమెని విమర్శించినవాళ్లున్నారు. ఆ బొమ్మల్లో మసక ఉన్నా మనిషి పోలేదు, నేను మనిషినే తుడిచేశాను. పూసితీరాలంటే నడుమ రూపాయి బిళ్లంత జాగా శుభ్రంగా వదిలి, కళ్లు అక్కడికి వచ్చేట్టు చూసుకోండి.

మర్నాడు వేజలైను లేకుండా మళ్లీ తీశాను. 100 స్పీడు ఫిల్ము, షట్టరు 1/60, ఎఫ్ 2.8, ఫోకసు కళ్లమీద. శాలువా అంచులు మంచులో కలిసిపోయాయి గాని ముడతలు లెక్కపెట్టుకోవచ్చు. "ఇది నేనే" అంది. ఆ వానాకాలంలోనే పోయింది. ఇంట్లో ఆవిడది ఆ ఒక్క ఫోటోయే ఉంది.

మరిచిపోయాను. చలిలోంచి కెమేరాని నేరుగా వెచ్చని వంటింట్లోకి తేకండి, లెన్సుమీద చెమ్మ పట్టేస్తుంది. బయటే పాలిథీన్ సంచిలో పెట్టి మూతి కట్టి, లోపలికి తెచ్చాక అరగంట ఆగి విప్పండి.